యాప్‌లో ఆన్‌లైన్, ఓవెన్‌లో చలి: సగం కరెంటుతో ఆగిపోయిన మా ఎలక్ట్రిక్ రేంజ్ కథ

గురువారం రాత్రి 8 గంటలు. టెక్సస్‌లో మేం అద్దెకుంటున్న ఇల్లు. తెల్లారితే వరలక్ష్మీ వ్రతం. అమ్మ వంటింట్లో మూడు బర్నర్లు ఒకేసారి నడిపిస్తోంది. ఒకదాని మీద బూరెల పూర్ణానికి శనగపప్పు, ఇంకోదాని మీద పులిహోరకి చింతపండు పులుసు, పెద్ద బర్నర్ మీద పాలు. నేనేమో సోఫాలో కూర్చుని, పిజ్జా కోసం కింద ఓవెన్‌ని ఫోన్ నుంచే ప్రీహీట్ పెట్టా. స్మార్ట్ రేంజ్ కదా, లేచి వెళ్లడం ఎందుకు?

పది నిమిషాల తర్వాత అమ్మ పిలిచింది. "ఏరా, పాలు పొంగట్లేదు, పప్పు ఉడకట్లేదు. స్టవ్ మీద ఎర్రగా కూడా లేదు."

వెళ్లి చూశా. డిస్‌ప్లే మీద టైమ్ కరెక్ట్‌గా ఉంది. ఓవెన్ లోపల లైటు వెలుగుతోంది. వైఫై గుర్తు కూడా ఉంది. యాప్‌లో "ప్రీహీట్ అవుతోంది" అని నీలం గీత తిరుగుతూనే ఉంది. కానీ ఓవెన్ తలుపు తీస్తే లోపల చల్లగా ఉంది. గ్లాస్ టాప్ మీద నాలుగు బర్నర్లలో ఏదీ వెలగట్లేదు.

అన్నీ ఆన్‌లోనే ఉన్నాయి, ఏదీ పని చేయట్లేదు. ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల గురించి ఈ సైట్‌లో ఎన్నో చదివాం కదా. ఈసారి వంటింట్లో ఉన్న అతి పెద్ద గాడ్జెట్ గురించి. ఇది రిపేర్ కథే గానీ, ఎక్కడిదాకా మనం చేయొచ్చు, ఎక్కడ చెయ్యి వెనక్కి తీసుకోవాలి అన్నదే ఇందులో అసలు పాయింట్. ఆ గీత దగ్గర నేను ఒక అడుగు దాటబోయా.

ముందు నేను చేసిన తెలివితక్కువ పనులు

సాఫ్ట్‌వేర్ వాడిని కాబట్టి నా చెయ్యి మొదట సాఫ్ట్‌వేర్ మీదకే వెళ్లింది. యాప్ మూసి మళ్లీ తెరిచా. ఓవెన్ ఆపి మళ్లీ పెట్టా. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఏమైనా ఉందేమో చూశా. రౌటర్ కూడా రీస్టార్ట్ చేశా. దానికీ బర్నర్‌కీ సంబంధం ఏంటో ఇప్పటికీ నాకు తెలీదు. పావుగంట పోయింది.

తర్వాత మాన్యువల్ తెరిచా. ఈ స్టెప్ మాత్రం మీరు నిజంగా చేయాల్సిందే. చాలా రేంజ్‌లలో కంట్రోల్ లాక్ ఉంటుంది. పిల్లలు నొక్కకుండా పెట్టుకునే లాక్ అది. తుడిచేటప్పుడు పొరపాటున ఆ బటన్ మీద చెయ్యి ఉండిపోతే లాక్ పడిపోతుంది. కొన్ని మోడళ్లలో షోరూమ్ కోసం డెమో మోడ్ కూడా ఉంటుంది. అందులో డిస్‌ప్లే అంతా మామూలుగా వెలుగుతుంది, వేడి మాత్రం రాదు. మాది ఆ రెండింట్లో ఏదీ కాదు.

అప్పుడు గరాజ్‌లో బ్రేకర్ల పెట్టె దగ్గరికి వెళ్లా. రేంజ్‌కి ఉండేది జంట బ్రేకర్. రెండు మీటలు కలిసి ఒకటే పిడిలా ఉంటాయి. దాని మీద 40 అనో 50 అనో ఆంపియర్ల అంకె ఉంటుంది. ఒక చిన్న విషయం గుర్తుపెట్టుకోండి: ట్రిప్ అయిన బ్రేకర్ ఒక్కోసారి ఆన్‌లో ఉన్నట్టే కనిపిస్తుంది. పిడి మధ్యలో ఆగి ఉంటుంది. అందుకే ఊరికే పైకి నెడితే సరిపోదు. ముందు పూర్తిగా ఆఫ్ వైపు గట్టిగా నెట్టి, తర్వాత ఆన్ చేయాలి. అలా చేశా. మార్పు లేదు. ఒకవేళ మీది వెంటనే మళ్లీ ట్రిప్ అయితే మూడోసారి ప్రయత్నించకండి. లోపల ఎక్కడో షార్ట్ ఉందని బ్రేకర్ మీకు చెప్తోంది.

అయిదూ ఒకేసారి ఎందుకు పోయాయి?

వంటింట్లోకి వచ్చి స్టూల్ మీద కూర్చుని, ఆఫీసులో బగ్ వచ్చినప్పుడు ఆలోచించినట్టు ఆలోచించా. నాలుగు బర్నర్లు, ఒక ఓవెన్. వేటి ఎలిమెంట్ వాటిదే, వేటి స్విచ్ వాటిదే. ఈ అయిదూ ఒకే నిమిషంలో కాలిపోవడం జరిగే పని కాదు. కాబట్టి తప్పు వాటిలో లేదు. అన్నింటికీ ఉమ్మడిగా ఉన్నదాంట్లో ఉంది. అంటే సప్లైలో.

మరి సప్లై పోతే గడియారం, లైటు, వైఫై ఎలా నడుస్తున్నాయి?

ఇక్కడే అమెరికా కరెంటు గురించి కొంచెం తెలియాలి. అక్కడ ఇంటి బయట ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మూడు తీగలు లోపలికి వస్తాయి. రెండు హాట్ వైర్లు, మధ్యలో ఒక న్యూట్రల్. ఏ హాట్ వైర్‌కి, న్యూట్రల్‌కి మధ్య కొలిచినా 120 వోల్టులు. రెండు హాట్ వైర్ల మధ్య కొలిస్తే 240. ఫోన్ ఛార్జర్, టీవీ, ఫ్రిజ్ 120 మీద నడుస్తాయి. ఏసీ, బట్టలు ఆరబెట్టే ఎలక్ట్రిక్ డ్రయ్యర్, ఎలక్ట్రిక్ రేంజ్ లాంటి పెద్దవాటికి 240 కావాలి.

రేంజ్‌లో మాత్రం రెండూ ఉంటాయి. వేడెక్కే ఎలిమెంట్లు రెండు హాట్ వైర్ల మధ్య, 240 మీద పని చేస్తాయి. గడియారం, లైటు, వైఫై మాత్రం మా మోడల్లో ఒక హాట్ వైర్‌కి, న్యూట్రల్‌కి మధ్య 120 మీద నడుస్తాయి.

ఇప్పుడు రెండు హాట్ వైర్లలో ఒకటి తెగిపోయిందనుకోండి. ఎలిమెంట్‌కి ఒక కొస దగ్గర కరెంటు ఉంటుంది, రెండో కొస నుంచి వెళ్లడానికి దారి ఉండదు. వేడి రాదు. కానీ గడియారం బతికున్న వైరు మీద ఉంటే, దానికి ఈ గొడవేమీ తెలీదు. అది హాయిగా టైమ్ చూపిస్తుంది. వైఫై యాప్‌కి "అంతా బానే ఉంది" అని చెప్తూ ఉంటుంది.

మన ఊళ్లో త్రీ ఫేజ్ మీటర్ ఉన్న ఇళ్లలో పెరిగినవాళ్లకి ఇది కొత్తేం కాదు. "ఒక ఫేజ్ పోయింది, హాల్లో ఫ్యాన్ తిరుగుతోంది, బెడ్‌రూమ్‌లో తిరగట్లేదు" అని చిన్నప్పుడు ఎన్నిసార్లు వినలేదు? అమెరికా ఇంట్లో ఆ రెండు వైర్లూ ఒకే ఫేజ్‌లోని రెండు సగాలు కాబట్టి వాళ్లు లెగ్ అంటారు. అనుభవం మాత్రం అదే. మా రేంజ్‌కి ఒక లెగ్ పోయింది.

పోయింది ఇంటికా, రేంజ్‌కా? దీన్ని తేల్చడం సులువు. ఇంటికే ఒక లెగ్ రాకపోతే దాదాపు సగం లైట్లు పోయేవి. అన్నీ వెలుగుతున్నాయి. పెరట్లో ఏసీ యూనిట్ తిరుగుతోంది, దానికీ 240 కావాలి. అంటే ఇంటి దాకా కరెంటు సరిగ్గానే వస్తోంది. తప్పు బ్రేకర్‌కి, రేంజ్ లోపలికి మధ్య ఎక్కడో ఉంది.

ఇంతవరకూ ఒక్క స్క్రూ కూడా విప్పలేదు. స్టూల్ మీద కూర్చునే ఇంత తెలిసింది. ఇక్కడ ఆగి ఉంటే బాగుండేది.

నేను దాటబోయిన గీత

నా దగ్గర బీటెక్ సెకండియర్ ల్యాబ్ కోసం కొన్న పసుపు రంగు మల్టీమీటర్ ఉంది. సూట్‌కేసులో పడి అమెరికా దాకా వచ్చింది. రేంజ్ కొంచెం ముందుకి లాగి, వెనక మూత తీసి, కరెంటు ఉండగానే వోల్టేజీ కొలిస్తే ఏ లెగ్ పోయిందో తెలిసిపోతుంది కదా అనిపించింది. తీసి పట్టుకున్నా కూడా.

అదృష్టం కొద్దీ ముందు ఒక ఫ్రెండ్‌కి ఫోన్ చేశా. బీటెక్‌లో ఒకే హాస్టల్. వాడు త్రిబుల్ ఈ, ఇప్పుడు తెలంగాణలో కరెంటు డిపార్ట్‌మెంట్‌లో పని చేస్తున్నాడు. అక్కడ ఇంకా పొద్దున్నే. నిద్రమత్తులో ఎత్తాడు. మొత్తం చెప్పా.

"మామా, మీటర్ మీద క్యాట్ త్రీ అని రాసుందా?"

చూశా. ఏమీ లేదు.

"అయితే అది బ్యాటరీలు చూసుకోవడానికి పనికొస్తుంది. దాన్ని 50 ఆంప్స్ లైన్ మీద పెట్టావనుకో, లోపల షార్ట్ అయితే నీ చేతిలోనే పేలుద్ది. పక్కన పెట్టు."

"కానీ స్టవ్‌కి కరెంటే రావట్లేదు కదరా?"

"వేడి రావట్లేదు అన్నావు. కరెంటు రావట్లేదని ఎవడు చెప్పాడు? ఒక లెగ్ బతికే ఉంది. నాబ్ ఆన్‌లో ఉంటే ఎలిమెంట్ చల్లగా ఉన్నా దాంట్లో 120 ఉంటది. ముట్టుకుంటే నీ గుండా ఎర్త్‌కి పోద్ది."

ఆ మాట నాకు బాగా తగిలింది. చల్లగా ఉంది కాబట్టి కరెంటు లేదనే నేను అనుకున్నా. మీరు కూడా అలాగే అనుకునే ఛాన్స్ ఎక్కువ. అందుకే మళ్లీ చెప్తున్నా: సగం పోయిన రేంజ్, పూర్తిగా పోయిన రేంజ్ కంటే ప్రమాదం. పెన్నులా ఉండే టెస్టర్‌ని నమ్మి కూడా మోసపోవచ్చు. అది ఒక లెగ్ ఉన్నా కూస్తుంది. రెండూ ఉన్నాయో లేదో చెప్పలేదు.

తర్వాత వాడు అడిగిన ప్రశ్న ఇది. "ఈ మధ్య కాలిన వాసన ఏమైనా వచ్చిందా?"

నేను లేదని చెప్పేలోపే, స్పీకర్‌లో వింటున్న అమ్మ వెనక నుంచి అంది. "రెండు వారాల కిందటే చెప్పా కదరా. స్టవ్ వెనకాల ప్లాస్టిక్ కాలిన వాసన వస్తోందని. నూనె చింది ఉంటుందిలే అన్నావు."

ఫోన్‌లో వాడు ఒక్క క్షణం ఏమీ మాట్లాడలేదు. "బ్రేకర్ ఆఫ్ చేసి వచ్చి మాట్లాడు" అన్నాడు.

వెనక ఏం దొరికింది

బ్రేకర్ ఆఫ్ చేశా. ఆ మీట మీద టేప్ వేసి "ఆన్ చేయొద్దు" అని కాగితం అంటించా. ఇంటి ఓనర్‌కి ఫోన్ చేసి విషయం చెప్పి, లాగి చూడటానికి ఒప్పుకున్నాకే ముట్టుకున్నా. అద్దె ఇంట్లో రేంజ్ ఓనర్‌ది. అపార్ట్‌మెంట్ అయితే మెయింటెనెన్స్ వాళ్లకి రిక్వెస్ట్ పెట్టి వదిలేయడమే కరెక్ట్.

రేంజ్‌ని ముందుకి లాగేటప్పుడు వెనక ఒక కాలు చిన్న ఇనుప క్లిప్పులో ఇరుక్కుని ఉంటుంది. తెరిచిన ఓవెన్ తలుపు మీద బరువు పడితే రేంజ్ మొత్తం ముందుకి ఒరిగిపోకుండా పెట్టేది అది. తిరిగి నెట్టేటప్పుడు ఆ కాలు మళ్లీ క్లిప్పులోకి వెళ్లిందో లేదో తప్పకుండా చూడండి.

ప్లగ్ పీకా. పిన్నులు శుభ్రంగానే ఉన్నాయి. రేంజ్ వెనక కింది భాగంలో, వైరు లోపలికి వెళ్లే చోట చిన్న మూత. దాన్ని తీస్తే లోపల టెర్మినల్ బ్లాక్. అంటే ప్లగ్ వైరు తీగల్ని రేంజ్ తీగలతో కలిపే స్క్రూల దిమ్మ. నలుపు తీగ స్క్రూ మెరుస్తోంది. తెల్ల తీగ స్క్రూ బానే ఉంది. ఎర్ర తీగ స్క్రూ చుట్టూ ప్లాస్టిక్ కరిగి, బొగ్గులా నల్లగా అయిపోయింది. తీగ మీది తొడుగు అంగుళం మేర గట్టిపడి పగిలి ఉంది.

ఫోటో తీసి ఫ్రెండ్‌కి, ఓనర్‌కి పంపించా. ఇక దేన్నీ ముట్టుకోలేదు.

ఒక్క స్క్రూ వదులైతే ఏమవుతుంది?

ఫ్రెండ్ చెప్పిన లెక్క ఇది. కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు.

ఆ రాత్రి పెద్ద బర్నర్ సుమారు 2500 వాట్లు, రెండు చిన్నవి తలా 1200, ఓవెన్ 2500. మొత్తం 7400 వాట్లు. 240తో భాగిస్తే దాదాపు 31 ఆంపియర్లు. ఇది బ్రేకర్‌కి సమస్యే కాదు. అందుకే అది ట్రిప్ అవ్వలేదు.

స్క్రూ గట్టిగా ఉంటే ఆ జాయింట్ దగ్గర నిరోధకత దాదాపు సున్నా. వదులై, తుప్పు పట్టి 0.1 ఓమ్‌కి చేరిందనుకుందాం. అక్కడ పుట్టే వేడి అంటే, ఆంపియర్లని ఆంపియర్లతో గుణించి, మళ్లీ ఓమ్‌లతో గుణించాలి. 30 ఇంటూ 30 ఇంటూ 0.1. అంటే 90 వాట్లు. కాలేజీ ల్యాబ్‌లో మనం వాడిన సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లదో 60 వాట్లదో ఉంటుంది. అంతకంటే వేడైనదాన్ని, గోడకి, స్టవ్‌కి మధ్య ప్లాస్టిక్ దిమ్మలో గుచ్చి, వంట చేసినంతసేపూ వదిలేసినట్టు.

వేడెక్కితే లోహం వ్యాకోచిస్తుంది, చల్లారితే ముడుచుకుంటుంది. ప్రతి వంటకీ స్క్రూ ఇంకొంచెం వదులవుతుంది. నిరోధకత పెరుగుతుంది, వేడి పెరుగుతుంది. రెండు వారాల కిందట అమ్మకి వచ్చిన వాసన అదే. వ్రతం ముందు రోజు లోడ్ ఎక్కువై ఆ జాయింట్ పూర్తిగా పోయింది. పోవడమే మంచిదైంది. పోకుండా ఇంకొన్నాళ్లు అలాగే వేడెక్కుతూ ఉంటే ఏమయ్యేదో ఆలోచించడం నాకు ఇష్టం లేదు.

అసలు వదులుగా ఎందుకు ఉంది? అమెరికాలో ఎలక్ట్రిక్ రేంజ్ కొంటే సాధారణంగా ప్లగ్ వైరు దాంతో రాదు. విడిగా కొనాలి. ఎందుకంటే పాత ఇళ్లలో మూడు పిన్నుల సాకెట్, కొత్త ఇళ్లలో నాలుగు పిన్నులది. 1996 నుంచి అక్కడి నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ కొత్త వైరింగ్‌కి నాలుగు పిన్నులు తప్పనిసరి చేసింది. కాబట్టి ఫ్యాక్టరీలో ఎంత టెస్టింగ్ జరిగినా, చివరి మూడు స్క్రూలు డెలివరీ వచ్చిన మనిషి బిగిస్తాడు. ఆ రోజు ఆయనకి ఇంకా ఎన్ని ఇళ్లున్నాయో మనకి తెలీదు.

శుక్రవారం మధ్యాహ్నం ఓనర్ పంపిన ఎలక్ట్రీషియన్ వచ్చాడు. కొత్త టెర్మినల్ బ్లాక్, కొత్త వైరు వేశాడు. కాలిన తీగనే మళ్లీ బిగిస్తే సరిపోదా అని అడిగా. ఒకసారి అంత వేడి చూసిన రాగి మీద నమ్మకం పెట్టుకోకూడదన్నాడు. టార్క్ స్క్రూడ్రైవర్‌తో మాన్యువల్‌లో రాసినంత బిగించాడు. నాలుగు పిన్నుల వైరు కాబట్టి న్యూట్రల్‌ని బాడీతో కలిపే రాగి పట్టీ తీసేసి ఉందో లేదో చూశాడు. అది ఉండిపోతే మామూలుగా వెళ్లే న్యూట్రల్ కరెంటు రేంజ్ బాడీ గుండా కూడా వెళ్తుంది. చివర్లో సాకెట్ దగ్గర మంచి మీటర్‌తో కొలిచి చూపించాడు. ఒక లెగ్ నుంచి న్యూట్రల్‌కి 120, రెండోదాని నుంచి 120, రెండింటి మధ్య 240.

మీ రేంజ్ ఆగిపోతే: లక్షణాన్ని బట్టి ఎక్కడ చూడాలి

మా కేసు ఒక్కటే కాదు కదా. మామూలుగా వచ్చేవి ఇవి.

అంతా ఆగిపోయింది, డిస్‌ప్లే కూడా లేదు: ముందు బ్రేకర్, తర్వాత ప్లగ్. రెండూ బానే ఉంటే టెర్మినల్ బ్లాక్ లేదా కంట్రోల్ బోర్డు.

డిస్‌ప్లే ఉంది, ఏదీ వేడెక్కట్లేదు: కంట్రోల్ లాక్, డెమో మోడ్ చూడండి. కాకపోతే మాలాగే ఒక లెగ్ పోయింది. బ్రేకర్ ఆఫ్ చేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

డిస్‌ప్లే, లైటు లేవు, బర్నర్లు మాత్రం వేడెక్కుతున్నాయి: న్యూట్రల్ వదులై ఉండొచ్చు. పని చేస్తోంది కదా అని వాడుకోవద్దు.

ఒక్క బర్నరే పోయింది: చుట్టలా ఉండే కాయిల్ బర్నర్ అయితే ఇది చాలా సులువు. బ్రేకర్ ఆఫ్ చేసి, చల్లారాక, ఆ కాయిల్ లాగి అదే సైజు ఉన్న ఇంకో చోట పెట్టండి. అక్కడ వెలిగితే కాయిల్ మంచిదే, సాకెట్ లేదా స్విచ్ తేడా. అక్కడా వెలగకపోతే కాయిలే మార్చాలి.

గ్లాస్ టాప్ బర్నర్ వెలిగి ఆరుతోంది: దీనికి కంగారు పడొద్దు. నాబ్ వెనక ఉండే స్విచ్ వేడిని తగ్గించేది ఆన్, ఆఫ్ చేస్తూనే. ఫుల్‌లో పెట్టినా గాజు మరీ వేడెక్కకుండా లోపలి లిమిటర్ మధ్యమధ్యలో ఆపుతుంది.

ఓవెన్‌లో పైన ఎర్రగా ఉంది, కింద చల్లగా ఉంది: కింది బేక్ ఎలిమెంట్ పోయి ఉంటుంది. బయటికి కనిపించే రకమైతే పొక్కు లేచిన చోటు, చీలిన చోటు కంటికే దొరుకుతుంది.

సెల్ఫ్ క్లీన్ పెట్టాక ఆగిపోయింది: ఆ మోడ్‌లో లోపల దాదాపు 480 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్తుంది. ఆ వేడికి థర్మల్ ఫ్యూజ్ పోవడం మామూలే. అందుకే పండక్కి ముందు రోజు సెల్ఫ్ క్లీన్ పెట్టకండి.

ఎర్రర్ కోడ్ వస్తోంది: బ్రేకర్ ఒక నిమిషం ఆఫ్ చేసి ఆన్ చేయండి. మళ్లీ అదే వస్తే మీ మోడల్ మాన్యువల్‌లో అర్థం చూడండి. ఒక కంపెనీ కోడ్ ఇంకో కంపెనీకి పనికిరాదు.

సొంత ఇల్లు, సొంత రేంజ్ అయి, చెయ్యి పెట్టాలని ఉంటే మీరు ఇంట్లో చేయదగిన కొలత ఒక్కటే: ప్లగ్ పూర్తిగా పీకేశాక, ఎలిమెంట్ ఓమ్‌లు కొలవడం. దీనికి మామూలు మీటర్ చాలు. ఎలిమెంట్ నుంచి ఒక వైరు విడదీసి కొలవండి. రావాల్సిన విలువ మీరే లెక్కేసుకోవచ్చు. 240ని 240తో గుణించి, వాట్లతో భాగించడమే. 2500 వాట్ల ఎలిమెంట్‌కి సుమారు 23 ఓమ్‌లు. 1200 వాట్లదానికి 48. కొంచెం అటూ ఇటూ పర్లేదు. మీటర్ అసలేమీ చూపించకపోతే లోపల తెగింది. ఎలిమెంట్‌కీ దాని లోహపు తొడుగుకీ మధ్య రీడింగ్ వస్తే షార్ట్ అయింది. ఏదైనా మార్చాల్సిందే.

వోల్టేజీ మాత్రం కొలవొద్దు. ఆ పని శిక్షణ ఉన్నవాళ్లకి వదిలేయండి.

స్మార్ట్ అంటే ఇదేనా?

గాడ్జెట్ సైట్ కాబట్టి ఈ మాట అనకుండా ఉండలేను. మా రేంజ్‌లో వైఫై ఉంది. వాయిస్ కమాండ్లున్నాయి. ఓవెన్ లోపల ఉష్ణోగ్రత సెన్సర్ ఉంది. ఆ సెన్సర్ రీడింగ్ ప్రతి క్షణం బోర్డుకి వెళ్తూనే ఉంటుంది. ప్రీహీట్ మొదలుపెట్టి పది నిమిషాలైనా రీడింగ్ ఒక్క డిగ్రీ కదలకపోతే ఏదో తేడా ఉందని తెలుసుకోవడానికి ఎన్ని లైన్ల కోడ్ కావాలి? ఫ్రెషర్ కూడా రాసేస్తాడు. అయినా మా యాప్ నీలం గీత తిప్పుతూ కూర్చుంది. "ప్రీహీట్ అవుతోంది" అంటే అది చెప్తున్నది ఓవెన్ వేడెక్కుతోందని కాదు, వేడెక్కమని ఆర్డర్ వేశానని. ఆఫీసులో నేను రాసే కోడ్‌లో కూడా ఈ తప్పు చేశా. రిక్వెస్ట్ పంపగానే "సక్సెస్" అని లాగ్ రాసేయడం, ఫలితం చూడకపోవడం.

అందుకే రేంజ్ కొనేటప్పుడు వైఫై ఫీచర్ల లిస్ట్ చదవడానికి పెట్టే టైమ్‌లో సగం దాన్ని బిగించే రోజుకి ఉంచండి. టెర్మినల్ స్క్రూలు మాన్యువల్ ప్రకారం బిగించమని అడగండి. మూత వేసేముందు ఒక ఫోటో తీసుకోండి. అడిగినందుకు ఎవరూ తిట్టరు.

మన ఊళ్లో అయితే?

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇంత పెద్ద రేంజ్ అరుదు. కానీ ఇదే ఫిజిక్స్ మీ ఇంటి ఇండక్షన్ స్టవ్ వెనక, గీజర్ వెనక ఉంది. 2000 వాట్ల ఇండక్షన్ 230 వోల్టుల మీద దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. దాన్ని 6 ఆంపియర్ల చిన్న సాకెట్‌లో, అడాప్టర్ పెట్టి నడిపే ఇళ్లు నేను చాలా చూశా. దానికి 16 ఆంపియర్ల పెద్ద సాకెట్ కావాలి. వాడాక స్విచ్ ఆఫ్ చేసి ప్లగ్ బయటి భాగం ముట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్లేదు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నా, సాకెట్ రంగు మారినా, లోపల కాంటాక్ట్ వదులైనట్టే. సాకెట్ మార్పించండి.

త్రీ ఫేజ్ ఇంట్లో ఒక గదిలో లైట్లు మరీ ఎక్కువగా, ఇంకో గదిలో మసగ్గా వెలుగుతుంటే అది న్యూట్రల్ వదులైన లక్షణం. టీవీ, ఫ్రిజ్ కాలిపోకముందే మెయిన్ ఆఫ్ చేసి లైన్‌మన్‌ని పిలవండి.

వ్రతం ఏమైంది?

జరిగింది. రాత్రి పదింటికి పక్క వీధిలో ఉండే తెలుగువాళ్లింటి నుంచి చిన్న ఇండక్షన్ తెచ్చా. అమెరికాలో మామూలు సాకెట్ 120 వోల్టులు, 15 ఆంపియర్లు కాబట్టి అలాంటివి 1800 వాట్లకి మించవు. అమ్మ దాని మీద పూర్ణం, పక్కనే ఎలక్ట్రిక్ కుక్కర్‌లో అన్నం పెట్టింది. రెండూ ఒకే సర్క్యూట్ మీద. 1800కి కుక్కర్ 1000 కలిస్తే 2800, అంటే 23 ఆంపియర్లు. కిచెన్ బ్రేకర్ 20. కాసేపటికి టప్పున ట్రిప్ అయింది. ఈసారి నాకు కారణం వెతకాల్సిన పని పడలేదు. కుక్కర్ తీసుకెళ్లి హాల్లో పెట్టా.

తొమ్మిది రకాలు అనుకున్నవి అయిదయ్యాయి. అమ్మవారు ఏమీ అనుకోదులే అంది అమ్మ.

కొత్త వైరు వేశాక ఎలక్ట్రీషియన్ నాలుగు బర్నర్లు, ఓవెన్ అన్నీ ఒకేసారి ఆన్ చేసి, అరగంట ఉంచి, వెనక చెయ్యి పెట్టి చూశాడు. మీరూ ఏ రిపేర్ తర్వాతైనా అదే చేయించండి. ఆయన వెళ్లిపోయాక అమ్మ కూడా స్టవ్ వెనక్కి వంగి ఒకసారి వాసన చూసింది. ఇప్పటికీ చూస్తుంది, వంట మొదలుపెట్టిన అయిదు నిమిషాలకి ఒకసారి. ఇప్పుడు ఏదైనా వాసన వస్తోందంటే నేను ముందు వెళ్లి బ్రేకర్ ఆఫ్ చేస్తా. నూనె చిందిందో లేదో తర్వాత చూసుకుంటా.